దారము లేని గాలిపటము



గత సంవత్సరము సంక్రాంతి దినములలో నేను మా గ్రామమునకు పోయియుంటిని. కోతలు ముగిసిన పొలములలో పిల్లలు గాలిపటములు ఎగురవేయుచుండిరి. వారిలో పదునాఱేండ్ల బాలుడొకడు గాలిపటమునకు మాఱుగా ఒక చిన్న విమానమును తెచ్చెను. అది వాడు థర్మోకోలు పలకలను కోసి, అతికించి, స్వహస్తములతో చేసికొన్నది. ఱెక్కల పొడవు రెండు మూరలకు మించదు. స్నేహితుడొకడు దానిని ఎత్తి గాలిలోనికి విసరెను. ఈ బాలుడు రెండు పుల్లలు గల పెట్టెనొకదానిని చేత పట్టుకొని ఆ పుల్లలను కదల్చుచుండెను. విమానము తాడియెత్తున లేచి, ఒక చుట్టు తిరిగి, తటాలున మూతి పైకెత్తి నిలిచిపోయి, తలక్రిందుగా గడ్డివాము ప్రక్కన పడెను. అచ్చట కట్టియున్న గేదె బెదరి పలుపు తెంపుకొని పరుగెత్తెను.

ఎవరికిని దెబ్బ తగులలేదు. అయినను ఆ సాయంకాలమే రచ్చబండకడ విచారణ సాగినది. "రేపు ఎవరి నెత్తిమీదనో పడినచో పూచీ ఎవరిది? ఈ పిచ్చిని ఊరిలో మాన్పించవలెను" అని కొందఱనిరి. బాలుని తాతగారు చాలసేపు మాటలాడలేదు. తుదకు నా వంక చూచి, "నీవు నాలుగు ఊళ్లు తిరిగినవాడవు గదా, నాయనా! ఇది ఆటయా, విద్యయా? నీవు చెప్పుము, తరువాత మేము నిర్ణయించుకొందుము" అనిరి. ఆనాడు వారికి నేను చెప్పిన మాటలనే కొంచెము విరివిగా నేడు మీకు విన్నవించుచున్నాను.

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. అంగడిలో అమ్ము విమానపు బొమ్మ చూచుటకు మాత్రమే విమానము. నమూనా విమానము అట్లు కాదు. మనుష్యులను మోయు పెద్ద విమానము ఏ సూత్రముల చేత ఎగురునో ఆ సూత్రముల చేతనే ఇదియు ఎగురును. అది ఏ తప్పునకు కూలునో ఆ తప్పునకే ఇదియు కూలును. నిజమునకు చరిత్రలో నమూనాయే ముందు పుట్టినది. పెద్ద విమానము దాని వెనుక వచ్చినది.

ఇంగ్లండు దేశీయుడగు జార్జి కేలీ 1804లో గాలిపటపు ఱెక్కను ఒక కఱ్ఱకు కట్టి, వెనుక తోకనమర్చి, గాలిలో జాఱునట్టి నమూనాను చేసెను. ఫ్రాన్సు దేశమున ఆల్ఫోన్సు పెనో అనువాడు రబ్బరు పట్టీని మెలిపెట్టి, ఆ మెలి వీడునప్పటి బలముతో పంకా తిరుగునట్లు ఒక నమూనాను నిర్మించి, 1871 ఆగస్టు 18వ తేదీని పారిస్ నగరపు ఉద్యానవనములో 11 సెకండ్లపాటు ఎగురవేసెను. పెనో పద్ధతి ననుసరించి చేసిన ఎగిరెడు బొమ్మనొకదానిని 1878లో అమెరికాలో ఒక తండ్రి తన ఇరువురు పుత్రులకు తెచ్చియిచ్చెను. పెద్దవానికి 11 ఏండ్లు, చిన్నవానికి 7 ఏండ్లు. ఆ బొమ్మ విఱుగువఱకు ఆడుకొని, విఱిగిన తరువాత దానివంటి వానిని తామే చేసికొనిరి. ఆ బాలురే విల్బరు రైటు, ఆర్విలు రైటు. వారు 1903 డిసెంబరు 17వ తేదీని ఇంజను గల విమానములో మనుష్యుడు ఎగురవచ్చునని లోకమునకు చూపిరి. ఆనాటి మొదటి ప్రయాణము 12 సెకండ్లు, 120 అడుగులు మాత్రమే. ఆ తండ్రి బొమ్మను తెచ్చియుండనిచో ఏమగునో చెప్పజాలము గాని, తమ ఆసక్తి ఆ బొమ్మతోడనే మొదలయ్యెనని ఆ సోదరులే చెప్పుకొనిరి.

ఇక విమానము ఎట్లు ఎగురునో చూతము. గాలిపటమును ఎగురవేసిన ప్రతివాడును దీనిలో సగము ఎఱుగును. గాలిపటము గాలికి కొంచెము ఏటవాలుగా నిలుచును. అది తనకు ఎదురగు గాలిని క్రిందికి త్రోయును. గాలి దానిని పైకి త్రోయును. దారము దానిని గాలికి ఎదురుగా నిలిపి ఉంచును. దారము తెగినచో పటము కొట్టుకొనిపోవును. విమానమునకు దారము లేదు గనుక, ముందున్న పంకా దానిని గాలికి ఎదురుగా లాగుచుండును. ఱెక్క మీదుగా పోవు గాలి క్రిందికి మఱలును. ఱెక్క పైకి లేచును. ఎంతవఱకు ఈ లేపెడు బలము బరువునకు సమముగా నుండునో, అంతవఱకు విమానము గాలిలో నిలుచును.

అట్లయిన మూతిని ఎంత పైకెత్తిన అంత మేలు కదా యని తోచవచ్చును. కాదు. ఏటవాలు హద్దు మీఱినచో గాలి ఱెక్క పైభాగమును అంటిపెట్టుకొని పాఱజాలక విడిపోవును. అప్పుడు లేపెడు బలము తటాలున తగ్గి విమానము కూలును. మా ఊరి గడ్డివాము ప్రక్కన జరిగినది ఇదియే. బాలుడు పుల్లను లాగుటలో తప్పు చేసెనా యని మఱునాడు విమానమును చూచితిమి. అసలు తప్పు వేఱొకచోట నున్నది. కావడి మోయువాడు రెండు బుట్టల బరువును సరిచూచుకొని బద్దకు భుజము నిచ్చును. విమానమునకును అట్టి తావు ఒకటి కలదు. ఱెక్క ముందటి అంచునుండి వెనుకకు, ఱెక్క వెడల్పులో నాలుగవ వంతునుండి మూడవ వంతులోపల, రెండు వ్రేళ్లపై ఎత్తి నిలిపినప్పుడు విమానము సమముగా నిలువవలెను, లేక మూతి రవంత క్రిందికి వంగవలెను. ఈ బాలుడు బాటరీని చాల వెనుకకు అమర్చెను. తోక బరువగుటచే మూతి తనంత తానే పైకి లేచినది. బాటరీని రెండంగుళములు ముందునకు జరుపగానే కావడి సరిపడినది.

ఇట్టి విమానములను దేనితో చేయుదురు? తేలికయు గట్టిదనమును కలిసియున్న వస్తువు కావలెను. చాలకాలమునుండి ఇందులకు పేరుపొందినది బాల్సా యను కఱ్ఱ. ఈ చెట్టు దక్షిణ అమెరికాలో, ముఖ్యముగా ఈక్వడారు దేశమున విస్తారముగా పెరుగును. బాగుగా ఎండిన బాల్సా కఱ్ఱ ఘనపుటడుగునకు సుమారు 10 పౌనులు మాత్రమే తూగును. టేకు దానికి నాలుగింతలు తూగును. బాల్సాను పలుచని బద్దలుగా కోసి, ఎముకల గూడువలె అమర్చి, దానిపై పలుచని కాగితమునో పొరనో బిగించుదురు. గాలిపటమునకు వెదురుబద్దయు కాగితమును ఎట్లో, దీనికివియు అట్లే. ఇప్పుడు థర్మోకోలు వంటి తేలిక పలకలతో చేయుట సులభమైనది. పగిలినను గంటలో అతికింపవచ్చును గనుక నేర్చుకొనువారికి ఇదియే తగినది.

ఇక రేడియో సంగతి. మీరు ఈ ప్రసంగమును ఏ తరంగముల వలన వినుచున్నారో, అదే జాతి తరంగములు ఆ చిన్న విమానమునకు ఆజ్ఞలను కొనిపోవును. మాటకు బదులు అచ్చట పోవునది పుల్ల కదలిక. ఈ ఊహ క్రొత్తది కాదు. నికోలా టెస్లా 1898లో న్యూయార్కు నగరమున నీటి తొట్టిలో చిన్న పడవను విడిచి, తీగ లేకుండ దూరమునుండి దానిని త్రిప్పి ప్రజలకు చూపెను. గాలిలో ఈ పని కష్టతరము. ఏలయన ఆనాటి రేడియో మఱలును బాటరీలును మిక్కిలి బరువు. అమెరికాలో కలమజూ అను ఊరికి చెందిన కవలసోదరులు వాల్టరు గుడ్డు, విలియము గుడ్డు అనువారు 1937లో తాము చేసిన విమానమును రేడియోచేత నడపిరి. దానికి వారు పెట్టిన పేరు 'గఫ్'. అది నేడు ఆ దేశపు జాతీయ వైమానిక ప్రదర్శనశాలలో భద్రపఱపబడియున్నది.

ఆ కాలపు యంత్రమునకు ఎఱుక చాల తక్కువ. పలువురు వాడిన పద్ధతిలో మీట నొక్కినచో చుక్కాని ఒక ప్రక్కకు తిరుగును. వదలినచో నడుమకు వచ్చును. మరల నొక్కినచో రెండవ ప్రక్కకు తిరుగును. ఎడమయా కుడియా యని నడపువాడు మనసులో లెక్క పెట్టుకొనుచుండవలెను. నేటి ఏర్పాటు వేఱు. విమానములో 'రిసీవరు' అను చిన్న పెట్టె యుండును. అది సెకండునకు 50 పర్యాయములు ప్రతి మీటను గుఱించియు ఒక చిన్న విద్యుత్ తట్టు నిచ్చును. ఆ తట్టు సెకండులో వేయింట ఒక వంతు కాలముండినచో ఒక కొసకు, రెండు వంతులుండినచో రెండవ కొసకు, ఒకటిన్నర వంతులుండినచో సరిగా నడుమకు తిరుగవలెనని దాని యర్థము. ఆ యర్థమును గ్రహించి పనిచేయు చిన్న మోటారును 'సర్వో' యందురు. తోకలో అడ్డముగా నున్న పలక మూతిని ఎత్తుటకును దించుటకును, నిలువుగా నున్న చుక్కాని మూతిని ప్రక్కలకు త్రిప్పుటకును, ఱెక్కల చివరలనున్న పలకలు విమానమును ఒరగించుటకును ఉపయోగపడును. చేతిలోని రెండు పుల్లలు ఈ పలకలను, పంకా వేగమును నడపును.

మునుపు ఒకే మైదానమున ఇద్దఱు ఒకే తరంగమును వాడినచో ఒకరి యాజ్ఞ మఱియొకరి విమానమునకు వినబడి రెండును చెడుచుండెను. అందుచే మైదానములలో ఒక పలకయు కొయ్య చీలలును ఉంచెడివారు. తన తరంగపు చీలను తీసికొనినవాడే పెట్టెను తెఱవవలెను. ఏతాము వంతులవలె వంతులుండెడివి. నేడు సెకండునకు సుమారు 240 కోట్ల కంపనములు గల తరంగములను వాడుదురు. పెట్టెయు రిసీవరును ముందుగా ఒకదానినొకటి గుఱుతుపట్టుకొని, తమ గుఱుతు గల యాజ్ఞను మాత్రమే పాటించును. కావున ఒకే మైదానమున పలువురు ఒక్కసారి ఎగురవేయవచ్చును.

పంకాను త్రిప్పుటకు నేడు తఱుచుగా విద్యుత్తు మోటారునే వాడుదురు. చిన్న ఇంజనులును కలవు. వాని సంగతిలో మన రైతులకు ఒక చుట్టఱికమున్నది. ఆ ఇంజనులలో మెథనాలు అను మద్యసారము మండును. దానితో మామూలు కందెన నూనె కలియదు, ఆముదము కలియును. ఎంత వేడిలోనైనను ఇనుపభాగములను ఆముదము విడువక అంటియుండును. కావున నల్లగొండ, మహబూబునగరు ప్రాంతముల మెట్టపొలములలో మనవారు పండించుచు వచ్చిన పంటనుండి వచ్చు నూనె వంటిదే, దేశదేశముల నమూనా విమానములకు కందెనగా పనిచేసినది.

ఇంతవఱకు చేయుట. ఎగురవేయుట వేఱు విద్య. తూర్పారబట్టిన రైతునకు గాలి ఎటునుండి వీచుచున్నదో మఱియొకరు చెప్పనక్కఱలేదు. విమానమును లేపుటయు దించుటయు గాలికి ఎదురుగానే చేయవలెను. క్రొత్తవానికి అన్నిటికంటె కష్టమైనది మఱియొకటి. విమానము మనకు దూరముగా పోవునప్పుడు దాని కుడి మన కుడియే. అది మన వైపునకు తిరిగి వచ్చునప్పుడు దాని కుడి మన ఎడమ యగును. ఎదుటివానితో మాటలాడునప్పుడు అతని కుడిచేయి మన ఎడమవైపున నున్నట్లే ఇదియు. ఈ తికమకలో పలువురు మొదటి విమానమును పోగొట్టుకొందురు. దీనికి అనుభవశాలులు చెప్పు ఉపాయము ఒకటి కలదు: విమానము ఎదురుగా వచ్చుచుండగా ఏ ఱెక్క క్రిందికి ఒరగినదో, పుల్లను ఆ వైపునకే త్రోయవలెను, ఆ ఱెక్కకు ఊత పెట్టినట్లు అది లేచును.

ఇప్పుడు పూచీ మాటకు వచ్చెదను. పెద్దల భయము వట్టిది కాదు. కిలో బరువు గల వస్తువు వేగముగా వచ్చి తగిలినచో కన్ను పోవచ్చును. తిరుగుచున్న పంకా వ్రేలిని కోయును. దాని యెదుట నిలువరాదు. లిథియము బాటరీలు చిన్నవైనను ప్రమాదకరములు. అవి ఉబ్బినను, పొడుచుకొనినను, మితిమీఱి విద్యుత్తు నెక్కించినను అంటుకొనును. వానికి విద్యుత్తు నెక్కించునప్పుడు మనుష్యుడు దగ్గఱ నుండవలెను. గడ్డివాము, పూరిపాక, పడకగది పనికిరావు. జనులు కూడినచోట, బడిమీద, బాటమీద, విద్యుత్ తీగల దరిని ఎగురవేయరాదు.

ప్రభుత్వపు కట్టడియు కలదు. భారత ప్రభుత్వము 2021 ఆగస్టులో ప్రకటించిన డ్రోను నియమములలో మనుష్యుడు ఎక్కకుండ దూరమునుండి నడపు విమానములను బరువునుబట్టి తరగతులుగా విభజించిరి: 250 గ్రాముల వఱకు ఒకటి, అంతకు మించి 2 కిలోల వఱకు రెండవది, 25 కిలోల వఱకు మూడవది, ఇట్లు పైకి. రెండు కిలోల లోపు దానిని వ్యాపారమునకు గాక వినోదమునకు నడపువానికి పైలటు పత్రము అవసరము లేదనిరి. ఆకాశమును ఆకుపచ్చ, పసుపు, ఎఱుపు మండలములుగా విభజించి, ఆకుపచ్చ మండలమున 400 అడుగుల వఱకు ముందనుమతి అక్కఱలేదనిరి. అది పొడవైన తాడిచెట్లు నాలుగింటిని ఒకదానిపై నొకటి నిలిపిన యెత్తు. విమానాశ్రయముల యొద్దను, రక్షణ స్థావరముల యొద్దను కట్టడి గట్టిది. నియమములు మాఱుచుండును గనుక ఎగురవేయుటకు ముందు తమ ఊరు ఏ మండలమున నున్నదో, నాటికి అమలులోనున్న నియమమేమో విచారించుకొనవలెను.

ఇన్ని చిక్కులున్నప్పుడు దీనివలన ఫలమేమి? నేడు మన మిరప చేలమీదను వరి చేలమీదను మందు చల్లుచున్న డ్రోనులను మీలో పలువురు చూచియున్నారు. వానిలోని మోటారును, బాటరీని, రిసీవరును ఎఱిగినవాడు ఆకాశమునుండి ఊడిపడడు. ఇట్టి ఆటలలోనే చేయి తిరిగినవాడు కావచ్చును. ఎన్.సి.సి. వైమానిక విభాగములో విద్యార్థులకు నమూనా విమానముల నిర్మాణమును నేర్పుట అందుకే. అన్నిటికంటె పెద్ద ఫలము వేఱొకటి. తాను చేసినది తన కన్నులయెదుట కూలినప్పుడు ఎవరిని నిందింపకుండ తప్పును వెదకుట ఈ పని నేర్పును. గాలికి మొగమోటము లేదు. తప్పు లెక్కను అది ఒప్పుకొనదు.

ఈ విద్య బాలురకే చెల్లునని తలంపకుడు. అమెరికాలో మేనార్డు హిల్ అను ఇంజనీరుండెను. ఆయన జీవితమంతయు నమూనా విమానములతో గడపెను. 1970లో ఒక నమూనాను 8 వేల మీటర్లకు పైగా లేపెను. వార్ధక్యమున చూపు మందగించి చట్టరీత్యా అంధులలో లెక్కింపబడెను. వినికిడియు చాలవఱకు పోయెను. అప్పుడు ఆయన అట్లాంటిక్ మహాసముద్రమును ఒక నమూనా విమానముచేత దాటింపవలెనని సంకల్పించెను. ఇంధనముతో కూడ 5 కిలోలకు లోబడిన విమానము. ఱెక్కల పొడవు ఆఱడుగులు. బాల్సా కఱ్ఱ, పలుచని పొర. చూపు చాలనిచోట చేతి స్పర్శతో పని చేసెను, మిత్రులు తోడ్పడిరి. మొదట పంపినవి సముద్రము పాలయ్యెను. ఆయన మానలేదు.

2003 ఆగస్టు 9వ తేదీని కెనడా దేశపు తూర్పు కొసనున్న న్యూఫౌండ్లాండు ద్వీపమునుండి ఆయన తన చేతులతోనే అయిదవ విమానమును విసరెను. ఆయన వయస్సు అప్పటికి 77 సంవత్సరములు. లేచునప్పుడును దిగునప్పుడును మనుష్యులు రేడియోచేత నడపిరి; నడుమ సముద్రముపై ఉపగ్రహముల వలన తన తావును తెలిసికొను స్వయంచాలక యంత్రము నడపెను. సుమారు 3,030 కిలోమీటర్లు, 38 గంటల 52 నిమిషములు. గాలన్ కంటె తక్కువ ఇంధనము. ఆగస్టు 11వ తేదీని ఐర్లండు తీరమున, క్లిఫ్‌డెన్ పట్టణపు దరిని, ఆయన మిత్రుడు దానిని నేలకు దించెను. 1919లో ఆల్కాక్, బ్రౌన్ అను వైమానికులు ఆగకుండ ఆ సముద్రమును దాటి మొదటిసారి దిగినదియు ఆ ప్రాంతముననే. విసరిన వృద్ధుడు ఆవలి తీరమున లేడు. కెనడాలోనే యుండి ఆ వార్త విని కన్నీరు పెట్టెనందురు. ఆయన 2011లో దివంగతుడయ్యెను.

మా రచ్చబండకడ ఈ కథ ముగిసిన తరువాత కొంతసేపు ఎవరును మాటలాడలేదు. తుదకు బాలుని తాతగారే తీర్పు చెప్పిరి. ఊరి నడుమ వలదు. వేసవిలో ఎండిన చెఱువులో ఎగురవేయవలెను. పశువులు మేతకు పోయిన తరువాతనే. ఒంటరిగా వలదు, ఒక పెద్దవాడు తోడుండవలెను. బాటరీ పని తాతగారి కన్నులయెదుటనే జరుగవలెను. ఈ కట్టుబాటునకు అందఱును సమ్మతించిరి.

తోడుండు పెద్దవాడెవడని అడుగగా తాతగారు, "ఇంకెవరు? నేనే" అనిరి. మొన్న మా ఊరినుండి జాబు వచ్చినది. బాలుడు ఇప్పుడు రెండవ విమానము చేయుచున్నాడట. దాని ఱెక్కలకు బద్దలు చీల్చియిచ్చుచున్నది తాతగారేనట; వెదురు చీల్చుటలో ఆ ఊరిలో వారికి సాటి లేరు.

పెద్దలారా! మీ ఊరిలోను ఇట్టి బాలుడుండవచ్చును. వాని చేతినుండి ఆ పెట్టెను లాగికొనుటకు ముందు, ఒక సాయంకాలము వానివెంట ఎండిన చెఱువునకు పోయి చూడుడని మాత్రమే నా మనవి.